‘లింబిక్’ అన్న పేరు ఎక్కడిది? అది నిజంగా ‘ఆదిమ మెదడే’నా?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: ఎంబీబీఎస్ ఫస్ట్ ఇయర్‌లో న్యూరోఅనాటమీ మొదలైంది, ‘లింబిక్’ అన్న మాటకు అసలు అర్థం ఏమిటి, ఎవరు పెట్టారు? యూట్యూబ్ వీడియోల్లో దీన్నే ‘ఆదిమ మెదడు’, ‘బల్లి మెదడు’ అంటున్నారు, ఆ అర్థం పేరులోనే ఉందా?

లేదు. లింబిక్ అంటే ‘అంచుకు చెందినది’ అని, అంతే. లాటిన్‌లో ‘లింబస్’ అంటే అంచు, ముఖ్యంగా బట్ట అంచు. చీర అంచు అంటాం చూడండి, అదే. ఫ్రెంచి వైద్యుడు పాల్ బ్రోకా 1878లో మెదడులోని ఒక భాగానికి ఈ పేరు పెట్టాడు. ఆ భాగం ఎక్కడ ఉందో మాత్రమే పేరు చెబుతుంది. ఏం పని చేస్తుందో, ఎంత పాతదో చెప్పదు. ‘ఆదిమ’ అన్న ముద్ర గట్టిగా పడింది ఇరవయ్యో శతాబ్దంలో. అందులో చాలా భాగం ఇప్పుడు చెల్లదు.

నేను పీజీలో చేరకముందు అనాటమీ ట్యూటర్‌గా చేశాను, ఆ తర్వాత న్యూరాలజీలోకి వచ్చాను. కాబట్టి ఈ లింబిక్ అనేదాన్ని డిసెక్షన్ టేబుల్ మీదా చూశాను, ఓపీలో పేషెంట్ల రూపంలోనూ చూస్తున్నాను. కొంచెం వివరంగానే రాస్తాను, ఓపిక ఉంటే చదవండి.

ముందు ఒక చిన్న గందరగోళం తీసేద్దాం. ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు ‘లింబ్ అంటే కాళ్లూ చేతులూ కదా సార్, మరి ఇది కదలికలకు సంబంధించిందా?’ అని అడిగేవారు. ఆ లింబ్ పాత ఇంగ్లిష్ మాట. దానికీ దీనికీ చుట్టరికం లేదు. సూర్యబింబం అంచును ఖగోళ శాస్త్రంలో ‘లింబ్’ అంటారు, అది మాత్రం ఈ లింబస్ నుంచి వచ్చిందే. మీ సిలబస్‌లోనే ఇంకో రెండు లింబస్‌లు ఉన్నాయి. కంట్లో కార్నియా, తెల్లగుడ్డు కలిసే గీత ఒకటి. గుండె కుడి ఏట్రియంలో ఫోసా ఓవాలిస్ చుట్టూ ఉండే గట్టు ఇంకొకటి. మూడు చోట్లా అర్థం ఒకటే, అంచు.

ఇక మెదడులో ఆ అంచు ఎక్కడుంది? పుస్తకంలో రంగుల బొమ్మ చూస్తే ఇది తలకెక్కదు. డిసెక్షన్ హాల్లో సగానికి కోసిన మెదడు దొరికినప్పుడు ఇలా చేయండి. లోపలి వైపు పైకి పెట్టి పట్టుకోండి. మధ్యలో తెల్లగా వంపు తిరిగి కనిపించేది కార్పస్ కలోసం, మెదడు రెండు సగాల్నీ కలిపే నరాల కట్ట. బ్రెయిన్‌స్టెమ్ (మెదడు కాడ), సెరిబెల్లం (చిన్నమెదడు) కింది భాగాన్ని కప్పేస్తుంటాయి కాబట్టి మిడ్‌బ్రెయిన్ దగ్గర అడ్డంగా కోసి వాటిని పక్కన పెట్టాలి. దీనికి డిమాన్‌స్ట్రేటర్‌ని అడగండి, సొంతంగా కత్తి పెట్టకండి, మెదళ్లు అసలే తక్కువ. తర్వాత ఫోర్‌సెప్స్‌తో అరాక్నాయిడ్ పొరను నెమ్మదిగా లాగితే రక్తనాళాలతో సహా ఊడి వస్తుంది, మడతలు శుభ్రంగా బయటపడతాయి.

ఇప్పుడు చూపుడువేలు కార్పస్ కలోసం పైన ఉన్న మడత మీద పెట్టండి. అది సింగ్యులేట్ గైరస్. వెనక్కి జరపండి. కలోసం వెనక చివర దాటి కిందికి తిరిగే చోట మడత సన్నబడుతుంది, దాన్ని ఇస్త్మస్ అంటారు. అక్కడి నుంచి వేలు కింద ముందుకు నడుస్తుంది. ఇది పారాహిప్పోక్యాంపల్ గైరస్. దాని ముందు కొస కొక్కెంలా లోపలికి వంగి ఉంటుంది, అదే అంకస్. మీ వేలు దాదాపు ఒక గుండ్రం గీసింది, ముందు వైపు కొంచెం ఖాళీ వదిలి. సెరిబ్రల్ కార్టెక్స్, అంటే మెదడు పైపొర, మొత్తం ఒక బట్ట అనుకుంటే, ఆ బట్ట బ్రెయిన్‌స్టెమ్ చుట్టూ వచ్చి ముగిసిపోయే అంచు ఇది. బ్రోకా చూసింది అదే, పేరు పెట్టింది దానికే.

నిజానికి ఆ మాట బ్రోకా కంటే ముందే ఉంది. ఇంగ్లండులో థామస్ విల్లిస్, అదే మీరు సర్కిల్ ఆఫ్ విల్లిస్ అని బట్టీపట్టే ఆయన, 1664లో అచ్చయిన మెదడు పుస్తకంలో బ్రెయిన్‌స్టెమ్ చుట్టూ ఉన్న కార్టెక్స్ అంచును ‘లింబస్’ అని ప్రస్తావించాడు. కానీ దాన్నొక ప్రత్యేకమైన లోబ్‌గా నిలబెట్టింది బ్రోకానే.

బ్రోకా అనగానే మీకు 1861 నాటి స్పీచ్ ఏరియా గుర్తొస్తుంది. ఇది ఆ తర్వాత పదిహేడేళ్లకు, ఆయన చనిపోవడానికి రెండేళ్ల ముందు రాసిన సుదీర్ఘమైన వ్యాసం. రకరకాల క్షీరదాల మెదళ్లను పక్కపక్కన పెట్టి పోల్చాడు. నమూనాగా ఎంచుకున్నది మనిషి మెదడును కాదు, నీటికుక్క మెదడును. దానిలో ఈ అంచు స్పష్టంగా, చుట్టూ గాడి కట్టి, విడిగా కనిపిస్తుంది. ముందున్న వాసన భాగాన్ని కలిపి చూస్తే మొత్తం ఆకారం టెన్నిస్ రాకెట్‌లా ఉందన్నాడు: వాసన భాగం పిడి, అంచు చుట్టూ ఉండే ఫ్రేము. క్షీరదాలన్నిటిలోనూ ఈ ఫ్రేము ఉంది, మారుతున్నది మిగతా కార్టెక్సే అని గమనించి ‘గ్రాండ్ లోబ్ లింబిక్’, అంటే మహా అంచు లోబ్ అన్నాడు.

ఇక్కడ నాకు బాగా నచ్చే విషయం ఒకటుంది. ఏ సిద్ధాంతాన్నీ మోయని పేరు కావాలనే ఈ మాట ఎంచుకున్నానని బ్రోకా స్వయంగా రాశాడు. పని పేరు పెడితే, రేపు ఆ పని కాదని తేలితే పేరు అబద్ధమైపోతుంది. అంచు అన్నది ఎప్పటికీ అంచే. అంత జాగ్రత్తపడినా, ఈ భాగానికి జంతు స్వభావాన్ని, మిగతా కార్టెక్స్‌కు తెలివితేటల్ని అప్పగించే ధోరణి ఆయన రాతలోనూ ఉంది. ఆ కాలం అలాంటిది. డార్విన్ తర్వాత ప్రతి అవయవంలోనూ పైమెట్టు, కిందిమెట్టు వెతుకుతున్న రోజులు.

బ్రోకా భయపడ్డట్టే వేరే పేరు ఒకటి బోల్తా పడింది. అది ‘రైనెన్‌సెఫలాన్’. గ్రీకులో ముక్కు, మెదడు అనే రెండు మాటలు కలిపి చేసిన పేరు. బ్రోకా తర్వాత చాలామంది ఈ అంచు ప్రాంతాన్నంతా, లోపల దాగిన హిప్పోక్యాంపస్‌తో సహా, ఈ పేరు కింద వేసేశారు. అంటే ఇదంతా వాసన చూసే యంత్రం అని. మనిషి ముక్కు కుక్క ముక్కుతో పోలిస్తే ఏపాటిది? మరి మనలో హిప్పోక్యాంపస్ ఇంత పెద్దగా ఎందుకున్నట్టు? 1947లో నార్వే శాస్త్రవేత్త ఆల్ఫ్ బ్రోడాల్ ఆధారాలన్నీ కూర్చి, హిప్పోక్యాంపస్‌కు వాసనతో ఉన్న సంబంధం నిలబడదని చూపించాడు. ఇప్పుడు రైనెన్‌సెఫలాన్ అనే మాట వాడితే, వాసనకు నేరుగా సంబంధించిన చిన్న భాగానికే వాడాలి. పాత పుస్తకాల్లో మాత్రం విస్తృత అర్థంలో కనిపిస్తుంది, తికమక పడకండి.

మీరడిగిన ‘ఆదిమ’ అన్న అర్థం నిజంగా పేరులోనే ఉన్న మాటలు వేరే ఉన్నాయి: ఆర్కికార్టెక్స్, పేలియోకార్టెక్స్, నియోకార్టెక్స్. గ్రీకులో ఆర్కి అంటే మొట్టమొదటిది, పేలియో అంటే పాతది, నియో అంటే కొత్తది. హిప్పోక్యాంపస్ మొదటి దానిలోకి, వాసన చేరే పిరిఫామ్ కార్టెక్స్ రెండో దానిలోకి, మిగతా ఆరు పొరల కార్టెక్స్ మూడో దానిలోకి వస్తాయి. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో జర్మనీలో ఎడింగర్, నెదర్లాండ్స్‌లో కాపర్స్, ఇంగ్లండులో ఇలియట్ స్మిత్ లాంటివాళ్లు ఈ ఉపసర్గల్ని వ్యాప్తిలోకి తెచ్చారు. వాళ్ల లెక్కలో పరిణామం అంటే ఇంటి మీద అంతస్తులు లేపుకుంటూ పోవడం. చేపకు ఒక అంతస్తు, బల్లికి ఇంకొకటి, క్షీరదానికి మూడోది.

ఆ లెక్క తప్పింది. ఎలా తప్పిందో చివర్లో చెబుతాను. ముందు భావోద్వేగాల కథ ఇందులోకి ఎలా చొరబడిందో చూడండి, వీడియోలవాళ్లకు సరుకు దొరికింది అక్కడే.

1937లో అమెరికాలోని కార్నెల్ యూనివర్సిటీలో జేమ్స్ పేపెజ్ అనే అనాటమిస్టు, భావోద్వేగాలకు మెదడులో ఒక సర్క్యూట్ ఉండాలని ప్రతిపాదించాడు. హిప్పోక్యాంపస్ నుంచి ఫోర్నిక్స్ అనే నరాల కట్ట గుండా మెదడు అడుగునున్న మామిల్లరీ బాడీలనే చిన్న గుండ్లకు, అక్కడి నుంచి థాలమస్ ముందు భాగానికి, అక్కడి నుంచి సింగ్యులేట్‌కు, తిరిగి హిప్పోక్యాంపస్‌కు. పేపెజ్ సర్క్యూట్ అని మీరు రేపు పరీక్షలో గీసేది ఇదే. ఆయన చూపిన ఆధారాల్లో ఒకటి మన దేశంలో డాక్టర్లెవరికీ కొత్త కాదు: రేబిస్. పిచ్చికుక్క కరిచిన మనిషిలో విపరీతమైన భయం, ఆందోళన, ఆవేశం. మరి వైరస్ ముద్ర ఎక్కువగా కనిపించేది ఎక్కడ? హిప్పోక్యాంపస్ కణాల్లో. సెకండ్ ఇయర్‌లో మైక్రోస్కోప్ కింద నెగ్రీ బాడీలు, అంటే రేబిస్ సోకిన కణాల్లో కనిపించే మచ్చలు, చూపిస్తారు కదా, అవి ఎక్కువగా ఉండేది హిప్పోక్యాంపస్‌లోని పిరమిడల్ కణాల్లో, సెరిబెల్లంలోని పర్కింజీ కణాల్లో. అందుకే చనిపోయిన కుక్కకు రేబిస్ ఉందో లేదో చూడటానికి హిప్పోక్యాంపస్ ముక్క తీసేవారు. పేపెజ్ ఈ రెండిటినీ ముడిపెట్టాడు. ఊహ తెలివైనదే. కానీ రేబిస్ వైరస్ బ్రెయిన్‌స్టెమ్‌నూ వదలదు కాబట్టి అది గట్టి రుజువు కాదు.

ఆ తర్వాత పాల్ మెక్లీన్ వచ్చాడు. 1949లో పేపెజ్ సర్క్యూట్‌కు అమిగ్డలా (భయం లాంటి భావాలతో ముడిపడిన చిన్న భాగం) లాంటివి కలిపి ‘విసెరల్ బ్రెయిన్’ అన్నాడు. విసెరల్ అంటే పేగులు, కడుపు అని అర్థం చేసుకునేవాళ్లు ఎక్కువైపోయి ఆ పేరుతో ఇబ్బంది వచ్చింది. 1952లో బ్రోకా మాటనే వెనక్కి తెచ్చి ‘లింబిక్ సిస్టమ్’ అన్నాడు. మనం ఇప్పుడు వాడుతున్నది ఇదే. గమనించారా, అర్థాన్ని మోయకుండా బ్రోకా పెట్టిన పేరు తిరిగొచ్చేసరికి భావోద్వేగాలన్న మూట దాని నెత్తిన ఉంది. 1960ల నుంచి మెక్లీన్ ఇంకో అడుగు వేసి ‘ట్రైయూన్ బ్రెయిన్’ అన్నాడు. ఒకే తలలో మూడు మెదళ్లు: అడుగున సరీసృపాలది, దాని మీద పాత క్షీరదాలది, అంటే లింబిక్, పైన కొత్త క్షీరదాలది. మీరు చూసిన ‘బల్లి మెదడు’ వీడియోలన్నిటికీ మూలపురుషుడు ఆయనే. పైగా ఆ వీడియోల్లో ఆయన లెక్క కూడా సరిగ్గా చెప్పడం లేదు. మెక్లీన్ లెక్కలో బల్లి మెదడు అంటే ముఖ్యంగా బేసల్ గ్యాంగ్లియా, అంటే కదలికల్ని నియంత్రించే లోతైన కణాల గుంపులు, లింబిక్ కాదు. అమిగ్డలాను చూపించి బల్లి మెదడు అనేవాళ్లు రెండు అంతస్తుల్ని కలిపేస్తున్నారు.

అసలు అంతస్తుల లెక్క ఎందుకు తప్పు? బల్లికి లింబిక్ భాగాలు లేవనుకోవడం మొదటి తప్పు. మన హిప్పోక్యాంపస్‌కు సాటివచ్చే భాగం సరీసృపాల్లో ఉంది, అమిగ్డలాకు సాటివచ్చేదీ ఉంది. నియోకార్టెక్స్ ఏ మూలం నుంచి వచ్చిందో ఆ మూలం కూడా వాటిలో ఉంది, కాకపోతే మూడు పొరలతో, చిన్నగా. దవడల్లేని లాంప్రే అనే చేపలోనూ బేసల్ గ్యాంగ్లియా మన ప్లానులోనే ఉంది. అంటే భాగాలు ఒకదాని తర్వాత ఒకటి వచ్చి కూర్చోలేదు. ప్రాథమిక భాగాలన్నీ వెన్నెముక ఉన్న జీవుల్లో మొదటి నుంచీ ఉన్నాయి, ఒక్కో వంశంలో ఒక్కోలా పెరిగాయి. రెండోది, పాత భాగం పాతగా ఉండిపోలేదు. మనిషి అమిగ్డలాలో కార్టెక్స్‌తో మాట్లాడే కేంద్రకాలు బాగా పెరిగాయి. అది బల్లి నుంచి అరువు తెచ్చుకున్న పాత సామాను కాదు.

పక్షుల సంగతి ఇంకా సరదాగా ఉంటుంది. పాత లెక్కలో పక్షి మెదడులో ఎక్కువ భాగానికి ‘పేలియోస్ట్రయేటం’, ‘ఆర్కిస్ట్రయేటం’ అంటూ అంతా స్ట్రయేటం (బేసల్ గ్యాంగ్లియాలో ఒక భాగం) పేర్లే పెట్టారు, కార్టెక్స్ లాంటిదేమీ లేదని. మరి కాకి? కుండలో రాళ్లేసిన కాకి కథ పక్కన పెట్టండి, న్యూ కలడోనియా కాకులు నిజంగానే పుల్లల్ని కొక్కేల్లా మలిచి పురుగుల్ని లాగుతాయి. స్ట్రయేటం ఒక్కదానితో అంత తెలివి ఎలా వస్తుంది? చివరికి 2004లో పక్షి మెదడు మీద పనిచేసే శాస్త్రవేత్తలంతా కలిసి పేర్లు మార్చారు. ఆర్కిస్ట్రయేటంలో చాలా భాగం ఆర్కోపాలియం అయింది, నియోస్ట్రయేటం నిడోపాలియం అయింది. పాలియం అంటే మనలో కార్టెక్స్ ఏర్పడే పై భాగం. అక్షరాలు పెద్దగా మారకుండా చూసుకుని, ‘పాత’, ‘కొత్త’ అన్న అర్థాల్ని మాత్రం తీసేశారు. ఒక శాస్త్రం తన పేర్లలోని సిద్ధాంతాన్ని ఏరి పారేయడం అరుదు.

మన పుస్తకాల్లో మాత్రం ఆర్కి, పేలియో ఇంకా ఉన్నాయి. నా అభిప్రాయం: వాటిని లేబుళ్లుగా గుర్తుపెట్టుకోండి, వయసు ధృవపత్రాలుగా కాదు. అలోకార్టెక్స్ (ఆరు కంటే తక్కువ పొరలున్నది), ఐసోకార్టెక్స్ (ఆరు పొరలున్నది) అనే విభజన నయం. మైక్రోస్కోప్‌లో కనిపించే తేడా మీద ఆధారపడుతుంది కాబట్టి అది వాదనకు లొంగదు.

ఇక లింబిక్ సిస్టమ్‌లో ఏమేమి వస్తాయి అంటే, రెండు టెక్స్ట్‌బుక్కులు పక్కపక్కన తెరవండి, లిస్టులు కలవవు. హైపోథాలమస్‌ను కలిపేవాళ్లున్నారు, వదిలేసేవాళ్లున్నారు. భయం మీద పనిచేసిన జోసెఫ్ లెడూ లాంటి శాస్త్రవేత్తలు అసలు ఇది ఒక ‘సిస్టమ్’ అనడమే సరికాదని వాదించారు. హిప్పోక్యాంపస్ విషయంలో పేపెజ్ మీద పెద్ద దెబ్బ 1957లో పడింది. మూర్ఛ తగ్గించడానికి 1953లో రెండు వైపులా టెంపొరల్ లోబ్ లోపలి భాగం తీసేసిన హెన్రీ మోలైసన్ అనే పేషెంటు గురించి స్కోవిల్, మిల్నర్ ఆ ఏడాది రాశారు. ఆయనకు కొత్త జ్ఞాపకాలు నిలవడం ఆగిపోయింది. తెలివి చెక్కుచెదరలేదు. సర్క్యూట్‌లో పేపెజ్ గీసిన గీతలు నిజం, వాటి పని మాత్రం చాలా వరకు జ్ఞాపకం అని తేలింది. మద్యం అలవాటున్నవాళ్లలో థయమిన్ (విటమిన్ బి1) తగ్గి మామిల్లరీ బాడీలు దెబ్బతిన్నప్పుడు పోయేది కూడా జ్ఞాపకమే. వార్డులో అలాంటి పేషెంటు ‘పొద్దున ఏం తిన్నారు’ అంటే తడుముకోకుండా పెసరట్టు, ఉప్మా అని చెబుతాడు. పక్కనున్న భార్య తల అడ్డంగా ఊపుతుంది.

మరి డాక్టర్లం ‘లింబిక్’ అని ఇంకా ఎందుకు వాడుతున్నాం? జబ్బులు ఆ అంచును పట్టుకుంటాయి కాబట్టి. నా ఓపీ నుంచి రెండు కేసులు చెబుతాను, గుర్తుపట్టే వివరాలు మార్చాను.

ఒక కుర్రాడు. ఉన్నట్టుండి కడుపులోంచి ఏదో పైకి లేచినట్టు, దాంతోపాటు కారణం లేని భయం, ఏదో కాలిన వాసన. అరనిమిషం శూన్యంలోకి చూస్తూ పెదాలు చప్పరిస్తాడు, తర్వాత ఏమీ గుర్తుండదు. ఇంట్లోవాళ్లు గాలి సోకిందని తాయెత్తు కట్టించారు. ఎంఆర్ఐలో కుడి హిప్పోక్యాంపస్ కుంచించుకుపోయి ఉంది. వాసన, భయం, జ్ఞాపకం, కడుపులో కదలిక ఒకే అరనిమిషంలో రావడానికి కారణం, ఇవన్నీ ఆ అంచులో పక్కపక్కనే ఉండటం. వాసనను అందుకునే కార్టెక్స్ అంకస్ చుట్టుపక్కలే ఉంటుంది, అమిగ్డలా అంకస్ లోపలే.

ఇంకొకరు రిటైరైన పెద్దాయన. ఒక చెయ్యి, అదే వైపు మూతి క్షణంపాటు బిగుసుకుని వదిలేవి, రోజుకు చాలాసార్లు. తర్వాత మతిమరుపు, చిరాకు, లేనిపోని అనుమానాలు. ‘మా నాన్న మనిషే మారిపోయారు సార్’ అని కొడుకు. రక్తంలో సోడియం తక్కువ. ఎల్జీఐ1 యాంటీబాడీ పాజిటివ్ వచ్చింది. ఇది లింబిక్ ఎన్‌సెఫలైటిస్‌లో ఒక రకం, శరీరం తన మెదడు కణాల మీద తానే దాడి చేసుకోవడం. స్టెరాయిడ్లు మొదలుపెట్టాక ముందు ఆ బిగుసుకోవడం తగ్గింది, మతి మెల్లగా కుదురుకుంది. ఆయన కోపాన్ని చూసి ‘ఆదిమ మెదడు పైచేయి సాధించింది’ అనడం సులువు. కానీ అదే జబ్బు అదే చోట ఆయన మనవరాలి పేరును కూడా తుడిచేసింది. పేరు గుర్తుపెట్టుకోవడం బల్లి పని కాదు కదా.

పేషెంట్లకు గానీ ఇంట్లోవాళ్లకు గానీ తెలుగులో చెప్పాల్సి వస్తే నేను ‘ఆదిమ మెదడు’ అనను. ‘జ్ఞాపకాలు, భయం, వాసన చూసుకునే లోపలి భాగం’ అంటాను, అర్థమవుతుంది. రాతలో ‘లింబిక్ వ్యవస్థ’ చాలు.

వైవాలో అడిగితే ఇలా చెప్పండి: లాటిన్ లింబస్ అంటే అంచు, విల్లిస్ 1664లో ప్రస్తావించాడు, బ్రోకా 1878లో లోబ్‌గా పేరు పెట్టాడు, మెక్లీన్ 1952లో సిస్టమ్ అన్నాడు, సింగ్యులేట్, ఇస్త్మస్, పారాహిప్పోక్యాంపల్, అంకస్ ఆ అంచులోని మడతలు. ఎగ్జామినర్ ‘ఇది ప్రిమిటివ్ బ్రెయిన్ కదా?’ అని గుచ్చితే, పాతకాలపు లెక్క అలా ఉంది సార్, కానీ సరీసృపాల్లో, పక్షుల్లో కూడా వీటికి సాటి భాగాలున్నాయి, ఒకదానిమీద ఒకటి పేర్చినట్టు రాలేదు అనండి. కొందరు సంతోషిస్తారు. పాత పుస్తకం చదివిన ఎగ్జామినర్ అయితే మొహం చిట్లించవచ్చు. అలాంటప్పుడు వాదన పెట్టుకోకుండా పేపెజ్ సర్క్యూట్ గీసి చూపించండి, దానికి మార్కులు ఎవరైనా వేస్తారు.